మూడో కిటికీ దగ్గర తొంభై ఆరు శాతం

మంత్రిగారు మా ఆఫీసుకొచ్చి, గుమ్మానికి కట్టిన రిబ్బను కత్తిరించి, "నేటి నుంచి ఏ సర్టిఫికెట్ అయినా ఒక్క నిమిషంలో మీ చేతికొస్తుంది. నిమిషం పనికి కూర్చోవడం దేనికి? అందుకే బెంచీలు తీయించేస్తున్నాను" అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. బెంచీల మీద కూర్చున్నవాళ్లు లేచి మరీ కొట్టారు. కొట్టడం అయ్యాక కూర్చోబోతే బెంచీలు లేవు. అన్న మాటని అంత తొందరగా అమలుచేసే మనిషిని నా జన్మలో చూడలేదు.

ఆ ఆఫీసులో నాది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, మంచినీళ్లు నింపే పని. చదివింది ఏడో తరగతి. మా అమ్మాయి మాత్రం డిగ్రీ చదివి, అదే ఆఫీసులో మూడో కిటికీ దగ్గర కంప్యూటర్ ఆపరేటరుగా ఉంది. టెంపరరీ. మూడు నెలలకోసారి పెద్దసారు సంతకం పెడితే ఇంకో మూడు నెలలు ఉంటుంది, పెట్టకపోతే ఇంటికొస్తుంది. ఆ సంతకం కాగితం ఎప్పుడూ పెద్దసారు టేబుల్ మీద, గాజు పేపర్ వెయిట్ కింద ఉంటుంది. టేబుల్ తుడిచేదాన్ని నేనే కాబట్టి రోజూ ఆ కాగితం చుట్టూ జాగ్రత్తగా తుడిచి, కింద గీత ఖాళీగానే ఉందని చూసుకుని వచ్చేదాన్ని. ఈసారి గడువు శుక్రవారం.

నాకు భయం కాస్త ఎక్కువ. కుక్కర్ విజిల్ ఆలస్యమైతే పేలుతుందనుకుంటాను, తొందరగా వస్తే అప్పుడే పేలుతుందనుకుంటాను. భయం వేసిందంటే నాకు పళ్లు బిగుసుకుంటాయి, పెదాలు రెండు పక్కలకీ సాగిపోతాయి, కళ్లు చిన్నవైపోతాయి. పెళ్లి ఫోటోలో అలాగే ఉన్నాను. చూసినవాళ్లంతా పెళ్లికూతురిది ఎంత నవ్వుముఖమో అన్నారు. మా ఆయన ఇరవై నాలుగేళ్లుగా అదే నమ్మకంతో కాపురం చేస్తున్నాడు.

రిబ్బను కత్తిరించిన రోజే మంత్రిగారు ఇంకో రెండు ఏర్పాట్లు కూడా చేయించారు. హాల్లో గోడకి పెద్ద టీవీ పెట్టించారు. దాంట్లో పాటలూ వార్తలూ రావు. "ప్రజా సంతృప్తి" అని ఉండి, పక్కన శాతం ఉంటుంది. రెండోది, కిటికీల పైన మిరియం గింజంత నల్లటి కెమెరాలు. దొంగల కోసమేమో అనుకున్నాం. వాటిని పొడిగుడ్డతో తుడవమని పెద్దసారు నాకు చెప్పారు. తుడిచేదాన్ని.

ఆఫీసులో కిటికీలు మూడు. మొదటి రెంటి ఆపరేటర్లకి బదిలీ అయింది. వాటి ముందు "పక్క కిటికీలో సంప్రదించండి" అని చెరో బోర్డు పెట్టారు. అలా ఊళ్లోవాళ్లంతా వచ్చి మా అమ్మాయి ముందు నిలబడ్డారు.

మొదటివారం సర్టిఫికెట్టుకి నాలుగు నిమిషాలు పట్టింది. నెల తిరిగేసరికి నలభై నిమిషాలైంది. పుట్టినవాళ్ల కాగితం కోసం వచ్చినవాళ్లు పొద్దున్నే నిలబడితే సాయంత్రం దాకా నిలబడే ఉండేవారు. గొడుగు చేత్తో పట్టుకుని ఒక పెద్దాయన మనవరాలి సర్టిఫికెట్ కోసం నాలుగు రోజులుగా వస్తున్నాడు. శుక్రవారం లోపల ఆ కాగితం ఇవ్వకపోతే బడిలో సీటు ఇంకొకరికి పోతుందట. ఆయన గొడుగు మీద బరువంతా ఆనించి టీవీకేసి చూసేవాడు. టీవీలో తొంభై ఆరు శాతం ఉండేది.

"తొంభై ఆరంటే మంచిదే కదమ్మా?" అని అడిగాడొకసారి నన్ను.

"మంచిదే కాబోలు బాబుగారూ. నూటికి నాలుగే తక్కువ."

"ఆ నాలుగులో నేనొకణ్ణి అయ్యుంటాను" అన్నాడాయన, మిగతావాళ్లకి అడ్డం వచ్చినవాడిలా పక్కకి జరుగుతూ.

జనం పెరిగేకొద్దీ నాకు భయం పెరిగింది. ఆలస్యమంతా అమ్మాయి మీదికే వస్తుందని. అయిదు నిమిషాలకోసారి ఏదో వంకతో, చీపురుతోనో నీళ్ల బకెట్టుతోనో, జనం పక్కనుంచి మూడో కిటికీ దగ్గరికెళ్లి లోపలికి తొంగిచూసేదాన్ని. అమ్మాయి ఉందా, తీసేశారా అని. ఉండేది. "అమ్మా, మళ్లీ వచ్చావా" అనేది, తల ఎత్తకుండానే. కంప్యూటర్ లోపల ఫ్యాను గయ్యిమని తిరిగేది. అది ఏ క్షణాన పేలి పిల్ల చేతులు కాలుతాయోనని చూస్తూ నిలబడేదాన్ని.

సోమవారం అమ్మాయి అసలు సంగతి కనిపెట్టింది. టాస్క్ మేనేజర్ అని కంప్యూటర్లో ఒక పట్టిక ఉంటుంది, లోపల ఎవరెవరు పనిచేస్తున్నారో అందులో తెలుస్తుంది. అది తెరిచి నాకు చూపించింది.

"ఇదిగో చూడమ్మా. మన సర్టిఫికెట్ ప్రోగ్రాంకి దక్కేది రెండు శాతం. ఈ జె.ఎస్.డి. అనేదేదో వెనకాల కూర్చుని తొంభై ఒక్క శాతం ఒక్కటే లాగేసుకుంటోంది. నెట్టు కూడా మొత్తం దానికే."

"ఎవరు పెట్టారు దాన్ని?"

"తెలీదు. ఆపితే పది సెకన్లలో మళ్లీ లేచి కూర్చుంటోంది. మొత్తానికే తీసేద్దామంటే పాస్‌వర్డ్ అడుగుతోంది."

"నువ్వేమీ ముట్టుకోకు తల్లీ. పేరు కూడా చెప్పుకోలేనిది మంచిదై ఉండదు."

ముట్టుకోలేదు. వెళ్లి పెద్దసారుకి చెప్పింది. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని వెనకే వెళ్లాను. పెద్దసారు చాలా నిదానమైన మనిషి. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఒక్క నిర్ణయం కూడా తప్పలేదు, ఎందుకంటే ఒక్కటీ తీసుకోలేదు.

"పాస్‌వర్డ్ కవర్లో పెట్టి సీలు వేసి బీరువాలో ఉంది. సీలు వేసినవాడే విప్పాలి. ఆయన బదిలీ అయిపోయాడు" అన్నారు.

"కనీసం ఆపేయమంటారా సార్? ఆపినా మళ్లీ వస్తోంది, కానీ ఎవరైనా కూర్చుని ఆపుతూ ఉంటే..."

పెద్దసారు కళ్లజోడు తీశారు. "ఆగు. ఎన్నిసార్లు తీసినా మళ్లీ వస్తోందా?"

"వస్తోంది సార్."

"అయితే అది పర్మనెంటు. పర్మనెంటు వాటిని తీసే అధికారం నాకు లేదు" అన్నారు. అని ఊరుకుంటే బాగుండేది. "టెంపరరీ అయితే తీసి ఉండేవాణ్ణి" అని కూడా అన్నారు.

అయినా పెద్దసారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హెడ్డాఫీసుకి ఉత్తరం రాశారు. బుధవారం అక్కణ్ణుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. మెళ్లో కార్డు, రెండు భుజాలకీ రెండు బ్యాగులు. మనిషి మంచివాడే, నీళ్లిస్తే థాంక్స్ చెప్పాడు. ఏ ప్రోగ్రాం ఎంత తింటోందో తేల్చడానికని ఇంకో ప్రోగ్రాం ఎక్కించాడు. ఆ కొత్తది ఆరు శాతం తిన్నది. పాతది తొంభై ఒకటిలో ఒక్క మెతుకు తగ్గలేదు. మా అమ్మాయికి రెండు. మిగిలిన ఒకటీ గడియారానిదన్నాడు. సర్టిఫికెట్ యాభై నిమిషాలకి చేరింది.

"మరి దీన్ని తీస్తారా?" అని అమ్మాయి అడిగింది.

"నాకిచ్చిన ఆర్డరులో కొలవమని ఉంది మేడం. తీయమని లేదు" అన్నాడు. కొలిచి, వెళ్లి, రిపోర్టు పంపాడు.

గురువారం పొద్దున ఆ రిపోర్టు చదివి పెద్దసారు చలించిపోయారు. ఆఫీసులో ఎవరూ పనిచేయరని బయట అనుకుంటారుగానీ, తొంభై ఒక్క శాతం పనిచేసేవాళ్లు ఇక్కడా ఉన్నారని మొదటిసారి కాగితం మీద రుజువైంది. కాకపోతే ఆ రిపోర్టులోనే అన్నిటికన్నా తక్కువ ఎవరు పనిచేస్తున్నారో కూడా ఉంది. మధ్యాహ్నం లోపల అమ్మాయికి మెమో వచ్చింది.

"మూడవ కిటికీ రెండు శాతం మాత్రమే పనిచేయుచున్నట్లు తనిఖీలో తేలినందున, తమ సేవల పొడిగింపును ఎందుకు నిలిపివేయరాదో శుక్రవారం సాయంత్రం అయిదు గంటలలోగా తెలియజేయవలెను."

అమ్మాయి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కీబోర్డు కింద పెట్టుకుంది. నేను ఆ రోజు ఆఫీసంతా మూడుసార్లు ఊడ్చాను. మూడో కిటికీ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లానో నాకే లెక్క లేదు. టీవీలో ఆ రోజు తొంభై తొమ్మిది కనపడింది.

శుక్రవారం తలుపులు తీయకముందే అమ్మాయిని నిలదీశాను. "ఆ మాయదారిది తింటున్నదంతా ఎక్కడికి పోతోందే?"

"బయటికమ్మా. అదుగో, ఆ పెట్టెలోకి వెళ్లే నీలం వైరుందే, దాన్లోంచి."

"అది లేకపోతే సర్టిఫికెట్లు రావా?"

"వస్తాయి. రికార్డులన్నీ లోపలి గదిలో పెద్ద కంప్యూటర్లోనే ఉన్నాయి, వాటికి తెల్ల వైరు వేరే ఉంది. కానీ నీలందాన్ని నేను ముట్టుకుంటే సాయంత్రం దాకా కూడా ఉంచరు."

"నువ్వు ముట్టుకోవద్దు" అన్నాను.

అమ్మాయి మొహం కడుక్కోడానికి వెళ్లింది. నేను తడిగుడ్డ తీసుకుని ఆ పెట్టె ఉన్న మూలకి వెళ్లాను. పెట్టె మీద పచ్చ దీపం ఊపిరాడనట్టు కొట్టుకుంటోంది. తడిగుడ్డ పెట్టే మనిషి చేతికి ఏ వైరు తగిలినా దాన్ని పొరపాటంటారు. పొరపాటున లాగాను. రాలేదు. కొస దగ్గర చిన్న నాలుకలాంటిది ఉంటుంది, నొక్కి లాగాలి. ఇంజినీరు లాగుతుంటే చూశాను. పొరపాటున నొక్కి లాగాను. తర్వాత కళ్లు మూసుకుని, ఆఫీసు పేలడం కోసం ఎదురుచూశాను. పోలీసుల కోసం కూడా.

పేలలేదు. మూడో కిటికీ వెనక ఫ్యాను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఎండలో పరిగెత్తి వచ్చినవాడు నీళ్లు తాగి కూలబడినట్టు, ఆగిపోయింది.

తలుపులు తెరవగానే మొదట నిలబడింది గొడుగు పెద్దాయనే. అమ్మాయి పేరు కొట్టింది. ప్రింటరు కాగితం బయటికి నెట్టింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ముప్పై ఎనిమిది గీతలు తిరిగింది.

పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది అసలు కాగితమేనా తల్లీ?"

"అసలుదే తాతగారూ. సీలు చూడండి."

"మరి నేను వెళ్లిపోవచ్చా?"

"వెళ్లిపోవచ్చు."

ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు, నాలుగు రోజుల అలవాటు కదా. తర్వాత గొడుగు చంకలో పెట్టుకుని, దానిమీద ఆనుకోవాల్సిన పనిలేనట్టు గబగబా వెళ్లిపోయాడు. వెనకాలవాళ్లు కూడా ఒక్కొక్కరే కాగితం తీసుకుని, నవ్వుకుంటూ వెళ్లారు. పన్నెండు గంటలకి హాల్లో ఎవరూ లేరు. ఇన్నాళ్లూ జనం కాళ్ల సందుల్లో తుడిచిన గచ్చు మీద నక్షత్రాల డిజైను ఉందని ఆ రోజే చూశాను. నాకు కూడా నవ్వొచ్చింది. అమ్మాయి కిటికీలోంచి చూసి, "అమ్మా, నువ్వు నవ్వుతావా?" అంది.

అప్పుడే టీవీ వైపు చూశాను. సున్నా శాతం.

పెద్దసారు గదిలో ఫోను మోగింది. వరసగా మూడు ఫోన్లు మోగాయి. ఒంటిగంటకి మంత్రిగారే వచ్చేశారు. పక్క ఊళ్లో ఏదో ప్రారంభిస్తూ, రిబ్బను సగం కత్తిరించి వచ్చారని డ్రైవరు చెప్పాడు. వెంట ఇంజినీరు, రెండు బ్యాగులతో. మంత్రిగారు హాలు మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూశారు.

"జనం ఏరి?"

"వెళ్లిపోయారండీ" అన్నారు పెద్దసారు.

"ఎవరు పంపించేశారు?"

"ఎవరూ పంపలేదండీ. పని అయిపోయి వెళ్లారు."

"పని ఎలా అయిపోతుంది? సున్నా శాతం చూపిస్తుంటే పని అయిందంటావేంటయ్యా? నేను టీవీని నమ్మనా, నిన్ను నమ్మనా?"

"టీవీనే నమ్మండి సార్" అన్నారు పెద్దసారు వినయంగా.

ఈలోగా ఇంజినీరు మూల దగ్గరికెళ్లి నీలం వైరు చూశాడు. "లైను ఊడిపోయింది సార్. జె.ఎస్.డి. పనిచేయట్లేదు."

"నా జన సంతృప్తి దర్శిని ఊడిపోయిందా?" అన్నారు మంత్రిగారు. అంతవరకూ దాని అసలు పేరు మా ఎవరికీ తెలీదు. కిటికీ ముందుకొచ్చిన ప్రతి మొహాన్నీ కెమెరాతో పట్టి, నవ్వుతోందా లేదా అని లెక్కగట్టి, ఫోటోతో సహా నిమిషనిమిషానికీ మంత్రిగారి ఫోనుకి పంపుతుందట. పళ్లు కనపడి, పెదాలు సాగితే నవ్వు. నవ్వని మొహం వస్తే "వెలుతురు చాలలేదు" అని ఆ ఫోటోని లెక్కలోంచి పక్కన పెడుతుంది. ఆఫీసుకి రోజుకి వంద నవ్వులు లక్ష్యం.

"నెల రోజులుగా ఈ ఆఫీసే ఫస్టు. తొంభై ఆరు. అలాంటిదాన్ని సున్నా చేశారు" అన్నారు మంత్రిగారు. "ఎవరయ్యా ఆ కిటికీ ఆపరేటరు?"

అమ్మాయి లేచి నిలబడింది. అప్పటికే గోడ గడియారం రెండు దగ్గర ఉంది. పెద్దసారు గదిలో పేపర్ వెయిట్ కింద గీత ఇంకా ఖాళీగానే ఉంది. బకెట్టు కింద పెట్టి ముందుకెళ్లాను.

"దానికేం తెలీదండీ. వైరుకి నా తడిగుడ్డ తగిలింది" అన్నాను. ఏదో అందామనుకున్నాను కానీ పళ్లు బిగుసుకుపోయి అంతకుమించి మాట రాలేదు.

ఇంజినీరు నన్ను చూశాడు. తన ఫోను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"సార్, ఈవిడే."

"ఏవిడ?"

"ఈ ఆఫీసు తొంభై ఆరులో తొంభై నాలుగు ఈవిడవే సార్. రోజూ."

"మిగతా రెండూ?"

"ఆవులింతలు సార్."

మంత్రిగారు ఫోను తీసుకుని వేలితో జరుపుతూ చూశారు. చీపురుతో నేను, బకెట్టుతో నేను, గ్లాసుతో నేను. ప్రతి దాంట్లోనూ పళ్లన్నీ కనపడుతున్నాయి. తర్వాత తల ఎత్తి నా మొహంలోకి చూశారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"చూశారా? తప్పు తన మీద వేసుకుని నిలబడి కూడా ఎంత ఆనందంగా ఉందో. ఇదీ నేను కలగన్న పౌరురాలు. నీకేం కావాలో అడుగమ్మా."

అమ్మాయి కాగితం గురించి చెప్పాను. మంత్రిగారు పేపర్ వెయిట్ ఎత్తి పక్కన పెట్టి, పెద్దసారు చేత అక్కడికక్కడే మూడు నెలలకి సంతకం పెట్టించారు. నీలం వైరుని మళ్లీ గుచ్చి, మళ్లీ ఎవరి గుడ్డా తగలకుండా లక్క సీలు వేయించారు. నా ఫోటో పెద్దది చేయించి, "ఇది మా సంతృప్తి" అని రాసి కూడలిలో పెట్టమన్నారు. ఫ్యాను మళ్లీ గయ్యిమంది. నాకు పట్టలేదు. మూడు నెలలంటే తొంభై రోజులు.

ఆ శని, ఆదివారాలు ఒళ్లెరక్కుండా నిద్రపోయాను. సోమవారం తీరుబడిగా పనికొచ్చాను. జనం మళ్లీ మెట్ల దాకా నిలబడ్డారు. మూడో కిటికీ వైపు రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ అమ్మాయి అక్కడే ఉంది, ఉంటుందని నాకు తెలుసు. సాయంత్రానికి టీవీలో మూడు శాతం ఉంది.

పెద్దసారు పిలిపించారు. "ఏమ్మా, ఒంట్లో బాగుందా?"

"బాగుంది సార్."

"ఇంట్లో అందరూ క్షేమమేనా?"

"మీ దయవల్ల చల్లగా ఉన్నాం సార్."

"అదే వచ్చింది చిక్కు" అన్నారాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. హెడ్డాఫీసు నుంచి ఫోను మోగుతూనే ఉంది. నన్ను వెళ్లమని చెప్పి ఫోను ఎత్తారు.

మంగళవారం కొత్త ఆర్డరు వచ్చింది. మూడో కిటికీ ఆపరేటరు సేవల పొడిగింపు ఇకమీదట రోజువారీగా ఉంటుంది. మర్నాటికి ఉంచాలా వద్దా అన్నది ఏ రోజుకారోజు సాయంత్రం అయిదింటికి నిర్ణయిస్తారు. ఆ కాగితం నాకు చదివి వినిపిస్తూ పెద్దసారు, "ఇరవై ఏడేళ్లలో రోజూ నిర్ణయం తీసుకోవడం ఇదే మొదలమ్మా నాకు. మీ అమ్మాయి కోసం" అన్నారు. నిజమే. ఇంకెవరికోసమూ ఆయన అంత శ్రమపడలేదు.

నేను చీపురు తీసుకుని మూడో కిటికీ దగ్గరికి వెళ్లాను. నీళ్ల గ్లాసుతో వెళ్లాను. ఊరికే వెళ్లాను. మధ్యాహ్నానికి జనంలో గొడుగు పెద్దాయన కనపడ్డాడు. మనవడిది కూడా కాగితం కావాలట, మళ్లీ గొడుగు మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను కిటికీలోకి తొంగిచూసి ఇవతలికి తిరిగేసరికి ఆయన నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎందుకమ్మా అంత భయపడుతున్నావు?"

గోడ మీద తొంభై ఏడు కాస్తా తొంభై ఎనిమిదైంది.